తార్నాక చౌరస్తాలో తెప్ప

మా శాఖాధిపతికి చేపలంటే ప్రాణం, అవి వ్యాసాల్లో ఉన్నంతవరకు. పులుసులోకి వస్తే ఆయనకు పడదు. నేను పరిశోధనకు చేరిన మొదటి వారంలోనే నా ఊరు, మా ఇంటి వృత్తి అడిగి తెలుసుకుని, "అంటే వేట చేసే కుటుంబమా? ఇప్పటికీ?" అంటూ కుర్చీలో ముందుకు జరిగారు. అప్పటిదాకా నేను ఆయనకు ఒక విద్యార్థిని. ఆ క్షణం నుంచి ఒక ఆధారాన్ని.

మాది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. తాత తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. నాన్న కూడా కొన్నేళ్లు తెప్ప మీదే వెళ్లి, తర్వాత ఇంజిన్ బిగించిన ఫైబర్ పడవ కొన్నాడు. తెప్ప అంటే తేలికైన మానులు నాలుగైదు పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కట్టేది. దానికి లోపల అంటూ ఏమీ ఉండదు. మనిషీ పైనే ఉంటాడు, నీళ్లూ పైనే ఉంటాయి. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి మానులను ఇసుకలో ఆరబెడతారు. అలా విప్పి పడేస్తే అది పడవని కొత్తవాళ్లకు చెప్పినా నమ్మరు.

"మీ తాతగారి తెప్ప ఉందా?" అని అడిగారు సార్ ఒకరోజు.

"ఇంటి వెనకాల పడి ఉంది సార్. మా అమ్మ దానిమీద చేపలు ఎండబెడుతుంది."

"చూశావా! ఎంత నిరంతరత!" అని ఆయన వెంటనే కాగితం మీద ఆ మాట రాసుకున్నారు.

నెల తిరక్కుండా సదస్సు ఖాయమైంది. పేరు 'తీరాంధ్ర సముద్ర వారసత్వం'. ఆ రోజుల్లో క్యాంపస్‌లో గోడల మీద, చెట్ల మొదళ్ల మీద, నీళ్ల ట్యాంకు మీద 'జై తెలంగాణ' తప్ప వేరే రాత కనపడేది కాదు. గేటు దగ్గర ముళ్లకంచె, కంచె అవతల పోలీసులు, ఇవతల దీక్షా శిబిరం. అలాంటి చోట, అలాంటి పేరుతో సదస్సు పెట్టాలంటే గుండె ధైర్యమైనా ఉండాలి, పేపరు చదివే అలవాటైనా లేకుండా ఉండాలి. మా సార్ పేపరు చదవరు. తార్నాకలో సొంత ఇల్లు కట్టుకుని పాతికేళ్లయినా, ఆయనకు ఆ ఊరు తన ఇంటి నుంచి గ్రంథాలయానికి మధ్య ఉన్న ఎండ మాత్రమే.

నేను నాన్నకు ఫోన్ చేశాను.

"తెప్పా? కాలేజీకా? దాన్తోటి ఏటి సేస్తారమ్మా?"

"చూస్తారు నాన్నా."

"సూసి?"

"దాని గురించి మాట్లాడుకుంటారు."

నాన్న అసలు సంగతికి వచ్చాడు. "మరి మీయమ్మ ఎండుసేపలు ఎక్కడ ఏస్తాది?" అన్నాడు.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "పట్టికెళ్లిపొమ్మను. పెరడు కాళీ అవుతాది." ఆ విధంగా మా కుటుంబ వారసత్వం జాతికి అంకితమైంది. హైదరాబాద్ మార్కెట్‌కు చేపలు తెచ్చే లారీలో పైన మానులు కట్టించి, నాన్న కూడా డ్రైవర్ పక్కన కూర్చుని బయలుదేరాడు.

తార్నాకలో మేడ మీద గదిలో నాతోపాటు ఉండే స్నేహితురాలికి ఈ సంగతంతా తెలుసు. ఆమెది భువనగిరి అవతల పల్లె. వాళ్ల నాన్న చెరువులో చేపలు పడతాడు. తను ఉద్యమంలో ముందు వరసలో ఉండేది. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని మేమిద్దరం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. మా పోట్లాటంతా చెరువు చేప గొప్పా, సముద్రం చేప గొప్పా అన్న దగ్గరే. "ఉప్పునీళ్ల చేపకు రుచేందే? గది ఉప్పే" అనేది. మేం ఏ చేప వండినా కింద ఉండే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి ఒక అగరొత్తుల కట్ట చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఆవిడ ఆ ఒక్క విషయంలో రెండు ప్రాంతాలనూ సమానంగా చూసేది.

"సదస్సు పేరు మార్చమని మీ సార్‌కు చెప్పు. లొల్లి అయితది" అంది నా స్నేహితురాలు. నేను వెళ్లి చెప్పాను. "మనది అకడమిక్ కార్యక్రమం అమ్మా. లొల్లికీ దీనికీ సంబంధం లేదు" అన్నారు సార్. సదస్సు ముందురోజు సాయంత్రం మర్నాటికి బంద్ అని ప్రకటించారు. "బంద్ దుకాణాలకు, జ్ఞానానికి కాదు" అన్నారు సార్.

మర్నాడు పొద్దున నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే నాన్న ఫోన్.

"అమ్మా, తారనాక వచ్చీసినాం. ఇక్కడేటో పండగలాగుంది. డప్పులు అయ్యీని. మానులు దింపీమంటన్నారు."

"ఎవరు నాన్నా? ఎందుకు?"

"ఎవరో పిల్లలు. రోడ్డుకి అడ్డంగా ఏస్తారట."

"నువ్వేమన్నావు?"

"జాగర్తగా దింపండి, తాళ్లు కొయ్యకండి అన్నాను."

నేనూ నా స్నేహితురాలూ పరుగెత్తాం. చౌరస్తాకు చేరేసరికి తాత తెప్ప నాలుగు మానులుగా రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు పడి ఉంది. వాటిమీద విద్యార్థులు వరసగా కూర్చుని నినాదాలు ఇస్తున్నారు. వాళ్ల మధ్యలో మా నాన్న చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని, పక్కవాడికి చేతులతో అల ఎత్తు చూపిస్తున్నాడు. నాన్న అల చూపించడం మొదలుపెడితే అది ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. అప్పటికే సిటీ బస్సు టాపు దాటిపోయింది.

విద్యార్థి నాయకుడొకడు మెడలో గులాబీ కండువాతో నిలబడి ఉన్నాడు. నా స్నేహితురాలికి బాగా తెలిసినవాడే. "అన్నా, గవి మొద్దులు గావు. తెప్ప" అంది ఆమె.

"తెప్ప అంటే పడవనా? గిది పడవెట్లయితది?"

"కడితే అయితది."

"పడవకు గీడేం పని?"

నేను నోరు విప్పక తప్పలేదు. సదస్సుకు తెప్పించామన్నాను. ఏం సదస్సు అన్నాడు. పేరు చెప్పాను. డప్పు ఆగింది. నేను ఆ పేరును ఎంత మెల్లగా పలికినా 'ఆంధ్ర' అన్న ముక్క మాత్రం చౌరస్తా అంతా వినపడినట్టుంది.

"నీళ్లు తీసుకపోయిండ్రు. కొలువులు తీసుకపోయిండ్రు" అన్నాడు అతను. "సముద్రం గూడ మీరే ఉంచుకుంటిరి. ఇప్పుడు దాన్ని మాకే సూపెట్టనీకి వచ్చిండ్రా?"

ఇది నినాదమని నాన్నకు తెలియలేదు. తనను అడిగిన ప్రశ్న అనుకున్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "సముద్రాన్ని మాం తీసుకోలేదు బాబూ" అన్నాడు. "అదే మా ఇళ్లు తీసుకుంటంది. ఏడాదికో వరస ఎల్లిపోతంది. మా నాన్న కట్టిన ఇల్లు ఇప్పుడు నీటి కిందే ఉంది. మీకు కావాలంటే పట్టికెళ్లండి, మాం అడ్డం రాం."

ఆ నాయకుడికి నవ్వొచ్చేసింది. "పెద్దాయనా, నువ్వు గిట్లనే కూసో" అని తనూ వచ్చి ఆయన పక్కన మాను మీద కూర్చున్నాడు. డప్పు మళ్లీ మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఆగిపోయిన బండ్ల వెనక నుంచి మా సార్ చేతిలో పూలగుత్తితో నడుచుకుంటూ వచ్చారు. ఢిల్లీ నుంచి వచ్చిన ముఖ్య అతిథిని గెస్ట్‌హౌస్ నుంచి తీసుకొస్తుంటే ఆయన కారు కూడా ఆ వరసలోనే ఇరుక్కుంది. సార్ నేరుగా పోలీసు ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లారు.

"వెంటనే ఈ దుంగలు తీయించండి! చాలా విలువైన తెప్ప ఒకటి ఈ దారిలో రావలసి ఉంది. దానికి చిన్న గీత పడినా జాతికి నష్టం!"

"సార్" అన్నాను వెనక నుంచి. "అవే సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. మానుల వంక, వాటిమీద కూర్చున్న విద్యార్థుల వంక, చివరికి మా నాన్న వంక చూశారు. "ఇవా? ఫొటోల్లో ఇలా లేదే!" అన్నారు బాధగా.

ముఖ్య అతిథి కూడా దిగి వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. విషయం తెలుసుకుని ఎంతో సంతోషించి, మాను మీద చెయ్యి వేసి నిమిరి, అక్కడే కూర్చుని ఒక ఫొటో కావాలన్నాడు. విద్యార్థులు జరిగి చోటిచ్చారు. ఫొటో తీసే సమయానికి అందరూ పిడికిలి ఎత్తారు కాబట్టి మర్యాదకు ఆయన కూడా ఎత్తాడు.

చర్చలు మొదలయ్యాయి. మానులు తీయాలంటే తామే భుజాల మీద క్యాంపస్‌కు మోసుకొస్తామని, సదస్సులో తమకు మాట్లాడే అవకాశం ఇవ్వాలని, బ్యానర్ మీద 'ఆంధ్ర' తీసేయాలని నాయకుడు షరతులు పెట్టాడు. వాస్తవాన్ని వక్రీకరించడం పరిశోధకుడిగా తనవల్ల కాదన్నారు సార్. అని, చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూశారు. "అయినా సముద్రానికి సరిహద్దులెక్కడివి" అన్నారు.

తార్నాక నుంచి క్యాంపస్‌కు ఊరేగింపు కదిలింది. ముందు డప్పులు, వెనక నలుగురు నలుగురుగా ఒక్కో మానును భుజాన ఎత్తుకున్న విద్యార్థులు, వాళ్ల వెనక సార్, ముఖ్య అతిథి, పూలగుత్తి. నాన్న అటూ ఇటూ పరిగెడుతూ "ముక్కు ముందుకి పట్టండి! ముక్కు ముందుకి!" అని అరుస్తున్నాడు. తెప్పను వెనక్కి తిప్పి మోస్తే ఆయనకు ఊపిరాడదు. దారిపక్కన ఒక ముసలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చేతులు జోడించి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"సమైక్యాంధ్ర పోయిందవ్వా!" అన్నాడు మాను మోస్తున్న ఒకతను.

"అయ్యో" అందామె.

సభలో బ్యానర్ సరిచేసే పని శాఖలో ఎవరికో అప్పగించారు. ఆయన 'తీరాంధ్ర'లో 'ంధ్ర' మీద మాత్రం తెల్లకాగితం అంటించాడు. ఆ రోజంతా వేదిక మీద పెద్దలందరూ 'తీరా సముద్ర వారసత్వం' అన్న అక్షరాల కింద కూర్చున్నారు. నిజానికి మొదటి పేరుకంటే అదే సరిగ్గా ఉందని నాకనిపించింది.

ఆరుబయట పచ్చిక మీద నాన్న తెప్ప కట్టాడు. మానులు మోసిన విద్యార్థులే తాళ్లు లాగి పట్టారు. తర్వాత సార్ ఆయన్ను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పి, రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నాన్న మైకును ఇంజిన్ చోకు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇది మా నాన్నది. ఆయన దీనిమీద ఏటకెల్లిన రోజున మాయమ్మ మెతుకు ముట్టీది కాదు. ఒడ్డున కూకునీది. తెప్ప ముక్కు కనపడ్డాకే లేసీది. నాను ఇంజిన్ బోటు కొన్నాకే మాయమ్మ ఏళకి కూడు తింది. మీరు దీన్ని గొప్పదంటన్నారు. సంతోసం. ఉంచుకోండి. నాను మట్టుకు మల్లీ దీన్ని ఎక్కను."

నాయనమ్మ మొండిగా అన్నం దగ్గర కూర్చోకపోవడం నాకు తెలుసు. పెద్దతనంలో కూడా నాన్న పడవ రావడం ఆలస్యమైతే కంచం పక్కకు నెట్టేసేది. అది చాదస్తమని మేం నవ్వేవాళ్లం. అది ఎక్కడ మొదలైందో ఆ సభలో, మూడు వందల మైళ్లకు పైగా ఇవతల, శాలువా కప్పుకున్న నాన్న నోటి నుంచి మొదటిసారి విన్నాను.

సార్ ముఖ్య అతిథి వైపు వంగి ఇంగ్లీషులో అనువదించారు. ఈ తెప్ప తనకు తల్లితో సమానమని, దీన్ని విడిచిపెడుతున్నందుకు తన తల్లికి అన్నం సయించడం లేదని ఈయన అంటున్నాడన్నారు. ముఖ్య అతిథి జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

నా పక్కన కూర్చున్న స్నేహితురాలు లేచి నిలబడింది. "సార్, ఆయన గట్ల చెప్పలే!"

సభ అంతా వెనక్కి తిరిగింది. సార్ ఏమాత్రం తొణక్కుండా, "అది భావానువాదం అమ్మా" అన్నారు.

నేను కూడా లేచి నాన్న అన్న మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో చెప్పాను. ముఖ్య అతిథి నాన్నను, నన్ను మార్చి మార్చి చూసి, ఇంకా ఎక్కువ కదిలిపోయి మళ్లీ జేబురుమాలు తీశాడు. ఆయనకు ఏ అనువాదమైనా ఒకటే. తర్వాత విద్యార్థి నాయకుడు చెరువుల గురించి, ఎండిపోయిన కాలువల గురించి మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు, ఎంతకీ ఆపలేదు. మధ్యలో ముఖ్య అతిథి విమానం వేళయిందని లేచి వెళ్లిపోయాడు.

బంద్ ఒక్కరోజుతో ఆగలేదు. బస్సులు తిరగలేదు, మా వైపు రైళ్లూ ఆగిపోయాయి. లారీ డ్రైవర్ ఆ రోజే దొరికిన దారిన జారుకున్నాడు. మా గదిలో మగవాళ్లు ఉండటానికి ఓనరమ్మ ఒప్పుకోలేదు. విద్యార్థులు నాన్నను దీక్షా శిబిరానికి తీసుకెళ్లి చాప వేశారు. అక్కడ కూర్చోవడానికి చాలినన్ని కుర్చీలు లేవు కాబట్టి పచ్చిక మీద ఉన్న తెప్ప కట్లు విప్పి, మానులు మళ్లీ తెచ్చి వేసుకున్నారు. సార్ కిటికీలోంచి చూసి కిటికీ మూసుకున్నారు. తర్వాత ఆ తెప్ప మీద ఆయన రాసిన వ్యాసంలో మానుల మీద కూర్చున్నవాళ్లను 'సమకాలీన వినియోగదారులు' అన్నారు.

మర్నాడు పేపర్లో నాన్న ఫొటో వచ్చింది. శాలువాతో, చేతిలో వంటావార్పు అన్నం విస్తరితో. కింద 'ఉద్యమానికి కోస్తా మత్స్యకారుల సంఘీభావం' అని రాశారు. ఊళ్లో ఎవరో అది అమ్మకు చదివి వినిపించారు. అమ్మ నాన్నకు ఫోన్ చేసింది.

"ఏటి, నువ్వు తెలంగాణా అడగతన్నావా?"

"నానేటీ అడగలేదే. కూడెట్టారు, తిన్నాను."

"అడిగితే అడిగావు గానీ, ఇచ్చీసేదాకా అక్కడే కూకుంటావేటి? గాలి మల్లింది. అందరూ ఏటకెల్తన్నారు."

ఆ మాట విన్నాక నాన్నకు కాలు నిలవలేదు. అన్నం పెడితే తిన్నాడు, పాటలు పాడితే విన్నాడు, కానీ ప్రతి గంటకూ ఆకాశం వంక చూసి గాలి ఎటు వీస్తోందో వేలు ఎత్తి చూసుకునేవాడు. అక్కడ గాలి ఎటు వీచినా చేసేదేం లేదు. "ఈ ఊర్లో నీళ్లెక్కడున్నాయమ్మా?" అని అడిగాడు నన్ను. నేను మూసీ వైపు చూపించే సాహసం చేయలేదు.

"మా ఊరికి తోల్కపోదాం" అంది నా స్నేహితురాలు. "మా నాయినకు గూడ తోడుంటది."

బంద్‌లో పాలవ్యాన్లను వదిలేస్తున్నారు. నగరంలో పాలు దింపి ఖాళీగా వెనక్కి వెళ్లే వ్యాన్‌లో ముగ్గురం ఖాళీ క్యాన్ల మధ్య ఇరుక్కుని వాళ్ల ఊరు చేరాం. ఆమె తండ్రి చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాడు, చేతిలో విసురు వల. సన్నటి మనిషి, మాట తక్కువ. నాన్నను ఎగాదిగా చూసి, "రాన్నా, పోదాం పా" అన్నాడు. ఇద్దరి మధ్య పరిచయం అంతే.

థర్మోకోల్ దిమ్మలను గోనెసంచుల్లో పెట్టి కుట్టిన ఒక పలక ఆయన వాహనం. దాన్ని చూసి నాన్న చిన్నపిల్లల ఆటవస్తువును చూసినట్టు చూశాడు. లుంగీ ఎగ్గట్టి, సముద్రం చూసిన మనిషి ఎలా ఎక్కుతాడో మాకు తెలియాలన్నట్టు తీరిగ్గా ఎక్కి, నిటారుగా నిలబడ్డాడు. రెండు క్షణాలు కూడా కాలేదు. పలక ఒక పక్కకు జారింది, నాన్న మరో పక్కకు. మోకాలి లోతు నీళ్లలో కూలబడ్డాడు.

"గంత సముద్రం జూసినోనివి, గింత చెర్వుల పడ్తివేందన్నా?" అన్నాడు ఆమె తండ్రి, చెయ్యి అందిస్తూ.

"అల ఉంటే నిలబడతాను తమ్ముడూ!" అన్నాడు నాన్న ముక్కులోకి పోయిన నీళ్లు చీదుకుంటూ. "ఇదేటి, కదలదు! కదలకుండా ఉంటే ఎలా నిలబడడం?"

ఆ మాట తక్కువ మనిషి వల కింద పడేసి, కట్ట మీద చతికిలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. నాన్న కూడా నీళ్లలో కూర్చునే నవ్వాడు.

మళ్లీ ఎక్కాడు. ఈసారి మోకాళ్లు కొద్దిగా వంచి, పలక ఎంత కదిలితే తనూ అంత కదులుతూ నిలబడ్డాడు. ఆమె తండ్రి వల అందించాడు. నాన్న దాని అంచును చేత్తో తడిమి, బరువు చూసుకుని, ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని, నడుము తిప్పి విసిరాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది.

మా ఊళ్లో ఆడపిల్లలు పడవ ఎక్కరు. పడవ వెళ్లేటప్పుడు చూస్తాం, వచ్చేటప్పుడు చూస్తాం. ఆ మధ్యలో జరిగేదంతా మగవాళ్లు చెప్పే కబుర్లే. వేట మీద అన్ని పుస్తకాలు చదివి, అన్ని పేజీలు రాసిన నేను, మా నాన్న వల విసరడం చూడటం అదే మొదటిసారి. ఆయన భుజాలు అంత వెడల్పని నాకు అప్పటిదాకా తెలియదు.

వలలో అరచేయంత చేపలు కొన్ని పడ్డాయి. నాన్న వాటిని ఒక్కొక్కటే తీసి బుట్టలో వేస్తూ, ఆమె తండ్రితో ఏదో చెబుతున్నాడు. గాలికి మాటలు వినపడలేదు. ఎడమ చెయ్యి మాత్రం మెల్లగా పైకి లేచింది, అల ఎత్తు చూపించడానికి.